ఎవరు చెప్పారన్నది కాదు, ఎప్పటి కబురన్నది ముఖ్యం

కాస్త పొడుగు పోస్టు. ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చేముందు ఓపిగ్గా చదవమని మనవి.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండింటికి మా బావగారికి ఓ నెగటివ్ రక్తం కావలసివచ్చింది. గ్రూపులో అడిగాను. ఒకాయన, "మన కుర్రాడే దాత ఉన్నాడు, కోశాధికారి గారికి తెలుసు" అన్నారు. కోశాధికారి గారు మాజీ కార్యదర్శి గారిని అడగమన్నారు. ఆయన మళ్ళీ మొదటాయన పేరే చెప్పారు. రెండు గంటలు అలా తిరిగాక తేలిందేమిటంటే, ఆ కుర్రాడు రెండేళ్ల కిందటే హైదరాబాదు వెళ్లిపోయాడట. తెల్లవారుజామున రక్తం వేరేచోట దొరికింది, బావగారు కోలుకున్నారు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అసలు బాధ అదే.

నేను ముప్పై ఏళ్లు నెట్‌వర్కుల పనిలో ఉన్నవాణ్ణి. అక్కడ ఇది పాత జబ్బే. 1969లో మొదలైన ఆర్పానెట్ నుంచీ ఒక పద్ధతి ఉంది. అందరి దారులూ తెలిసిన పెద్ద ఎవరూ ఉండరు. ప్రతి యంత్రం పక్కవాళ్లను "ఫలానా చోటికి నీ నుంచి ఎన్ని అంచెలు?" అని అడుగుతుంది. వచ్చిన జవాబుల్లో చిన్నదానికి ఒకటి కలుపుకుంటుంది. అంతా నిలకడగా ఉన్నంతకాలం ఇది చక్కగా పనిచేస్తుంది.

చిక్కంతా మార్పు వచ్చినప్పుడే. అ, ఆ, ఇ అని మూడు యంత్రాలు వరసగా ఉన్నాయనుకోండి. అ పాడైంది. ఆ వెతుక్కుంటుంటే ఇ అంటుంది: "నాకు అ రెండంచెల దూరమే." ఆ రెండు తన ద్వారా లెక్కేసినదేనని ఆ కి తెలియదు. "అయితే నాకు మూడు" అనుకుంటుంది. అది విని ఇ నాలుగంటుంది, ఇది ఐదంటుంది. లేని చోటికి దూరం పెరుగుతూనే ఉంటుంది. కొత్త దారి కబురు ఇట్టే పాకుతుంది, దారి తెగిన కబురు మాత్రం ఈడ్చుకుంటూ వస్తుంది.

1988లో రిప్ అనే పద్ధతికి రాసిన నియమాల్లో 16 అంచెలంటే "చేరలేం" అని గీత గీశారు. 180 సెకన్లు కబురు లేని దారిని వదిలేయమన్నారు. ఎవరి దగ్గర విన్నావో వాళ్లకే తిరిగి చెప్పొద్దన్నారు. ఇద్దరి మధ్య చక్రం దీంతో ఆగుతుంది. ముగ్గురి మధ్య ఆగదు. ఆ రాత్రి మనది ముగ్గురి చక్రమే!

ఇక యంత్రాలే తిరుగుతుంటే? 1994లో ఛార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భాగవత్ కదిలే కంప్యూటర్ల కోసం ఒక ఉపాయం చెప్పారు. ప్రతి యంత్రం తన గురించిన కబురుకు తానే ఒక సంఖ్య వేస్తుంది, ప్రతిసారీ పెంచుతుంది. దారి ఎంత దగ్గరగా కనిపించినా, పాత సంఖ్య ఉన్న కబురు చెల్లదు. దారి తెగిందని గమనించిన పొరుగు యంత్రం మాత్రం ఆ సంఖ్యను ఒకటి పెంచి వెంటనే చాటవచ్చు.

మన దాతల జాబితాకు కావలసింది ఇదే. దాత తానే మూడు నెలలకోసారి "నేను ఊళ్లోనే ఉన్నాను" అని తేదీ వేసి రాయాలి. అలా రాయని పేరు పక్కకు పోవాలి. ఎవరైనా ఊరు విడిచారని తెలిసినవారు ఆ రోజే చెప్పాలి.

"అంతా ఒక్కరి చేతిలో పెడితే సరిపోదా?" అని కార్యవర్గంలో కొందరి మాట. ఆ ఒక్కరూ పెళ్లికి విశాఖ వెళ్లిన రాత్రి ఏం చేస్తాం? పైగా ఆయనకు చేరేదీ విన్న కబురేగా. పేరు తీసేస్తే పెద్దలు నొచ్చుకుంటారని ఇంకొందరి భయం. నొచ్చుకుంటే ఫోను చేసి మళ్ళీ చేర్చవచ్చు. రక్తం కోసం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఆదివారం ఈ తీర్మానం నేను పెడతాను. బలపరిచేవారు కామెంటులో పేరు రాయండి. కాదనేవారు కారణం రాయండి, అక్కడే మాట్లాడుకుందాం.