పొట్టమీద సంచి ఉంటే కూరలు మానేయాలా?

ఆపరేషన్ అయి నాలుగు నెలలు గడిచాయి. అందరి కంచాల్లో ములక్కాడ పులుసు పొగలు కక్కుతుంటే ఆయన కంచంలో మాత్రం మెత్తటి అన్నం, పెరుగు. "ఇంకెన్నాళ్లు ఈ పెరుగన్నం?" అని ఆయన అడుగుతారు. "కూరలు వద్దన్నారు కదండీ, మళ్లీ ఆసుపత్రిలో పడాలా?" అంటుంది ఆవిడ. పొట్టమీద సంచితో బతికే మనిషి ఉన్న ఇంట్లో ఇలాంటి మాటలు ఏదో ఒక పూట వినబడుతూనే ఉంటాయి. ఆవిడ భయంలో అర్థముంది, ఆయన విసుగులో న్యాయముంది. డాక్టరు వద్దన్నది కొన్ని వారాలపాటే. ఆ తర్వాత ఏ కూరతో మొదలుపెట్టాలో, దాన్ని ఎలా వండాలో చెప్పేవాళ్లు లేక ఆ కొద్దివారాల పథ్యం జీవితకాల నిషేధమై కూర్చుంది.

ఆయనకు జరిగిన ఆపరేషన్ పేరు ఇలియోస్టమీ. అంటే చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట గోడలోంచి బయటికి తెచ్చి చర్మానికి కుట్టడం. సాధారణంగా బొడ్డుకు కాస్త కింద, కుడివైపున ఉంటుంది. ఆ నోటిని స్టోమా అంటారు. దానిమీద సంచి అతికిస్తారు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బు, పురీషనాళ క్యాన్సర్, టైఫాయిడ్ ముదిరి పేగుకు పడ్డ చిల్లు, ఇలా కారణాలు రకరకాలు. కొందరికి కొన్ని నెలలకు మళ్లీ లోపలికి కలిపేస్తారు. కొందరికి అది జీవితాంతం.

కూరగాయలతో పేచీ ఎక్కడొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. పీచును మన చిన్నపేగు అరిగించలేదు. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు దానిలో కొంత భాగాన్ని కరిగిస్తాయి. ఇలియోస్టమీ ఉన్నవారి తిండి దారిలో ఆ పెద్దపేగు లేదు. అంటే నారగా, ముక్కగా మింగింది దాదాపు నారగా, ముక్కగానే స్టోమా దాకా వస్తుంది. అక్కడ పేగు పొట్ట కండరాల మధ్యలోంచి దూరి బయటికి రావాలి. దారి ఇరుకు. ఆపరేషనైన కొత్తలో పేగు వాచి ఉంటుంది కాబట్టి మరీ ఇరుకు. అందుకే మొదటి 6 నుంచి 8 వారాలు పీచు తక్కువ తిండి తినమంటారు. వాపు తగ్గాక కూరగాయలు ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా తిరిగి కంచంలోకి రావచ్చు. అయితే పేగు లోపల సన్నబడినవారు, పొట్టకు రేడియేషన్ తీసుకున్నవారు మాత్రం తమ డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

ఇంత ముఖ్యమైన సంగతిని రోగి చేతిలో పెట్టే కాగితం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. సెలరీ తినొద్దు, పాప్‌కార్న్ తినొద్దు, ఆపిల్ ఉడికించి గుజ్జు చేసుకుని తినండి అని రాసి ఉంటుంది. సెలరీ ఎలా ఉంటుందో చూడని ఇంట్లో గోరుచిక్కుడు వండవచ్చో లేదో ఎవరు చెప్పాలి? అరటిదవ్వ, పనసపొట్టు, తేగ, తోటకూర కాడ, వీటి ఊసు ఆ కాగితంలో కనిపించదు. వంటచేసే మనిషికి అర్థం కాని కాగితం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అప్పుడు ఆవిడకు మిగిలే దారి అన్నీ మాన్పించడం.

నిజానికి తెలుగు వంటింట్లో ఇలాంటి పొట్టకు సరిపడే కూరలకు కొదవ లేదు. లేత సొరకాయ, పొట్లకాయ, బూడిదగుమ్మడి, తీపిగుమ్మడి, క్యారెట్, చెక్కు తీసిన బంగాళాదుంప. చెక్కు తీసి, ముదురు గింజలు తీసేసి, చిన్నముక్కలు చేసి, కుక్కరులో మామూలుకన్నా రెండు కూతలు ఎక్కువ రానిస్తే చాలు. బీరకాయకు ఈనెలు, పొట్టు పూర్తిగా తీసేయాలి. ఆ పొట్టుతో చేసే పచ్చడి మిగతావాళ్లకు. వంకాయ తొక్కతోనే గొడవ. కాల్చి తొక్క ఊడదీసి చేసే పచ్చడి మనకు ఎప్పటినుంచో ఉన్నదే. టమాటాను మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తీస్తే తొక్క చేతికి ఊడి వస్తుంది. తొక్క తీయకుండా వండితే అది చుట్టలు చుట్టుకుని సంచిలో అచ్చంగా అలాగే కనిపిస్తుంది. ఆకుకూరలైతే కాడలు తుంచేసి, పెసరపప్పులో వేసి ఉడికించి, పప్పుగుత్తితో బాగా మెదపాలి. బచ్చలి, పాలకూర ఇలా తేలిగ్గా దిగుతాయి. పోపులోని శనగపప్పు, ఎండుమిరప తొక్క, కరివేపాకు పక్కకు తీసి పెట్టడం మరిచిపోకూడదు.

ఇక ములక్కాడ. దాన్ని చూసి అంత బెదరాల్సిన పని లేదు. ముందు పులుసు ఒక్కటే పోసుకోవాలి. అది పడ్డాక, బాగా ఉడికిన లేత కాడను గోటితో నిలువునా చీల్చి, చెంచా అంచుతో లోపలి గుజ్జును గీకాలి. తొక్కకు అంటుకుని సన్నటి దారాలుంటాయి. అవి గుజ్జుతోపాటు రాకుండా పైపైనే గీకాలి. ముదురు గింజలు తీసేయాలి. ఆ గుజ్జును వేళ్లతో మెదిపి అన్నంలో కలుపుకోవాలి. నోట్లో పెట్టుకుని నమిలి పిప్పి ఉమ్మేయడం మనకు అలవాటే అయినా, మాటల్లో పడి ఆ నార మింగేసే ప్రమాదం ఉంది. కాబట్టి కంచంలోనే వేరు చేసుకోవడం మేలు.

ఎంత జాగ్రత్తపడినా కొన్నిటికి దూరంగా ఉండటమే మంచిది. తేగలు, పచ్చికొబ్బరి ముక్కలు, మొక్కజొన్న పొత్తులు, పుట్టగొడుగులు, పనసపొట్టు, అరటిదవ్వ, పచ్చి క్యాబేజీ. ఇవి ముద్దకట్టి దారికి అడ్డంపడే రకం. పళ్లు లేని పెద్దవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. "బాగా నమిలి తినండి" అన్న సలహా వాళ్లకు ఎలా ఉపయోగపడుతుంది? వాళ్ల కూరను మిక్సీలో ఒక తిప్పు తిప్పి ఇవ్వాలి. పెళ్లి బంతిలో హడావుడిగా తినేవారికీ, ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర్లో గబగబా నాలుగు ముద్దలు మింగే ఆడవాళ్లకూ ఇదే ముప్పు. స్టోమా ఉన్న ఇల్లాలికి కూర్చుని నెమ్మదిగా తినే వీలు కల్పించడం ఆమె వైద్యంలో భాగమని ఇంట్లోవాళ్లు గుర్తించాలి.

జనం కలగలిపేసే సంగతులు మరో రెండున్నాయి. ఉడికిన క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి తింటే సంచిలో గాలి చేరుతుంది, వాసన వస్తుంది. అది ఇబ్బందే గానీ ప్రమాదం కాదు. ఊరికి బయల్దేరే రోజు మానేసి, ఇంట్లో ఉన్న రోజు తినొచ్చు. బీట్‌రూట్ తిన్నాక సంచిలో ఎర్రగా కనబడితే అది కూర రంగు. నిన్న ఏం తిన్నారో గుర్తుచేసుకోకుండా రక్తమని హడలిపోతారు. అడ్డంపడేవి, వాసనవచ్చేవి, రంగుమారేవి అన్నీ ఒకే "తినకూడదు" జాబితాలో చేరబట్టే కంచం ఖాళీ అవుతోంది.

ఆహారం నిజంగా అడ్డంపడితే ఏమవుతుందో మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. మొదట సంచిలోకి నీళ్లలా ఎక్కువగా, వాసనగా పోతుంది. అడ్డంపడ్డ ముద్ద పక్కనుంచి నీరొక్కటే జారుతుంది మరి. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని మోషన్లు ఆపే మాత్ర వేస్తారు. చేయకూడని పని అది. తర్వాత పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి, స్టోమా వాపు, ఆపైన ఏమీ రాకపోవడం, వాంతులు. ఆ లక్షణాలు మొదలవగానే గట్టి తిండి ఆపేయాలి. మోకాళ్లు పొట్టకేసి ముడుచుకుని పడుకోవాలి, స్టోమా చుట్టూ మెల్లగా రుద్దాలి, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయాలి. వాంతులు లేకపోతే గోరువెచ్చటి పానీయం గుక్కగుక్కగా తాగొచ్చు. స్టోమా వాస్తే సంచి రంధ్రాన్ని పెద్దగా కత్తిరించి వేసుకోవాలి. నొప్పితోపాటు 4 నుంచి 6 గంటలు ఏమీ రాకపోయినా, వాంతులు మొదలైనా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. విరేచనం అయ్యేందుకు ఇచ్చే మందు కూడా తాగించకూడదు. డ్యూటీ డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సిన మాట "ఇది ఇలియోస్టమీ అండీ, చిన్నపేగు సంచి" అని.

కూర తిన్నప్పుడు నీళ్లు బాగా తాగమంటారు. ఆ నీళ్ల విషయంలోనూ ఒక మెలిక ఉంది. పెద్దపేగు రోజూ లీటరు దాకా నీటిని, దాంతోపాటు ఉప్పును వెనక్కి పీల్చుకుంటుంది. ఇలియోస్టమీలో ఆ పని జరగదు. కుదురుకున్నాక రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు సంచిలోకి రావడం మామూలే. 1,500 దాటితే డాక్టరును కలవాలి. బయటికి పోయే ప్రతి లీటరులో దాదాపు ఒక చెంచాడు ఉప్పు కూడా పోతుంది. అలా ఎక్కువగా పోతున్నప్పుడు ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. ఓఆర్ఎస్ ఇలాంటప్పుడే కావాలి. కొబ్బరి నీళ్లు దానికి బదులు కావు, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఉప్పేసిన మజ్జిగ మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు ఎంతన్నది డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

ఇవన్నీ రోగికి నేర్పే మనిషి కావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో బ్రయాన్ బ్రూక్ అనే సర్జన్ పేగు అంచును చొక్కా చేతిలా మడిచి కుట్టే పద్ధతిని 1952లో ప్రకటించాక ఇలియోస్టమీతో బతకడం చాలా సులువైంది. ఆపరేషన్ ఒక్కటే సరిపోదని గ్రహించింది అమెరికాలో. క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్, తన దగ్గరే ఇలియోస్టమీ చేయించుకున్న నార్మా గిల్ అనే గృహిణిని 1958లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. కొత్త రోగులకు ఆమె నేర్పాలి. సంచి ఎలా అతికించాలో, దాంతో ఎలా బతకాలో తెలిసిన మనిషి ఆమె. స్టోమా నర్సింగ్ అనే వృత్తికి ప్రపంచంలో అదే మొదలు.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు చేయాల్సింది కూడా అదే. కుట్లు విప్పి ఇంటికి పంపేముందు ఓ అరగంట తెలుగులో మాట్లాడాలి. రోగితోనే కాదు, ఇంట్లో వండే మనిషితో. రెండు పేజీల కాగితం చాలు, కూరగాయల పేర్లు, ఒక్కోదాన్ని చెక్కు తీయాలా గింజ తీయాలా అన్నది, ఎన్ని వారాలకు మొదలుపెట్టాలన్నది. ఆరో వారంలో ఒక ఫోన్ చేసి "కూరలు మొదలుపెట్టారా?" అని అడగాలి. ఏళ్లుగా సంచితో హాయిగా తిరుగుతున్నవారిని వార్డుకు పిలిచి కొత్తవారి పక్కన కూర్చోబెట్టాలి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఇది జరగకపోవడానికి కారణం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు.

ఈలోగా ఏ ఇంటివాళ్లైనా ఓ నోటుపుస్తకంతో మొదలుపెట్టొచ్చు. కొత్త కూర ఒకసారికి ఒకటే, రెండు చెంచాలే, పగటిపూటే. అది కుదిరిందో లేదో రెండు మూడు రోజులు చూసి ఇంకొకటి. అందులో రాతలు ఇలా ఉంటాయి: సోమవారం, పొట్లకాయ పెసరపప్పు, ఇబ్బంది లేదు. గురువారం, పాలకూర పప్పు, కాడలు తీసి వండాం, సంచిలో ఆకు కనిపించింది, నొప్పి లేదు. ఆదివారం, ములక్కాడ పులుసు, గుజ్జు మాత్రమే, మళ్లీ అడిగి వేయించుకున్నారు.