సీసా మీద పేరు లేదు

మొన్న మా ఇంట్లో జరిగింది చెప్తాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

మేం ఉండేది సూళ్లూరుపేటలో. బోరు నీళ్ల ఉప్పు బాత్రూం టైల్స్ మీద తెల్లగా గార కడుతుంది. అది వదలాలంటే యాసిడ్ తప్ప దారి లేదని మా వీధి ఆడవాళ్ల నమ్మకం, నాదీ అదే. బండి మీద అమ్ముకుంటూ వచ్చే అతని దగ్గర పాత కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకుంటాను. ఆ రోజు మా పనమ్మాయి యాసిడ్ పోసి రుద్దింది. మరక పోలేదని పక్కనున్న బ్లీచింగ్ పౌడర్ రెండు గుప్పిళ్లు చల్లింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. దగ్గు వినిపిస్తే పోపు ఘాటు అటు పోయిందనుకున్నాను. చూసేసరికి గోడ పట్టుకుని బయటికొస్తోంది, కళ్లు ఎర్రబడ్డాయి, మాట రావడం లేదు.

ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగింది "ఏం కలిపారమ్మా?" అని. చేతిలో ఉన్న సీసా చూపించాను. దాని మీద నారింజకాయ బొమ్మ ఉంది.

సాయంత్రానికి తేరుకుంది. ఇంటికొచ్చిన మా వారు విషయం విని, "యాసిడ్‌లో బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ వస్తుందని తెలీదా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మీకు తెలుసుగా, పెళ్లయి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పారా?" అన్నాను.

ఆయన రోజూ పులికాట్ సరస్సు దాటి శ్రీహరికోట వెళ్తారు. అక్కడ పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో పోసే ఇంధనం, దాన్ని మండించే ద్రవం ఒకదాన్నొకటి తాకితే చాలు, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. రెండూ విషాలే. అందుకే వాటిని నింపేవాళ్లు ఒళ్లంతా కప్పే సూట్ వేసుకుంటారు, పీల్చే గాలి కూడా ఆ సూట్‌కే అందుతుంది. అంత జాగ్రత్త ఎందుకో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధనం ప్లాంటులో మంటలు లేచి ఆరుగురు పోయారు. అన్నీ తెలిసిన చోటే అలా జరిగింది.

మరి ఆ జాగ్రత్తలో ఒక్క పిసరు కూడా సరస్సు దాటి మన బాత్రూముల్లోకి రాదెందుకు? ఎందుకంటే అక్కడ పనిచేసేది ఉద్యోగి, ఇక్కడ రుద్దేది పనిమనిషి. మాటలు కటువుగా ఉన్నాయేమో, నిజం మాత్రం ఇదే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చింది. సైరన్ మోగలేదు. జనం నిద్రలోంచి లేచి తోచిన దిక్కుకి పరిగెత్తారు, రోడ్ల మీదే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. టీవీ ముందు కూర్చుని ఆ కంపెనీని నేను నోరారా తిట్టాను. పక్కింటివాళ్లకి ఒక్క ముక్క చెప్పకుండా అంత విషం ఎలా పెట్టుకుంటారని అడిగాను. ఇప్పుడు నా ఇంట్లో కంపెనీని నేను, ఆ వెంకటాపురం మా పనమ్మాయి. నేను మాత్రం ఏం సైరన్ మోగించాను?

క్లోరిన్ మామూలు గ్యాస్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, జర్మనీ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. గాలికంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది, గొంతుక్కూర్చుని నేల రుద్దే మనిషి ముక్కు దగ్గరే.

"మా అమ్మ కాలం నుంచి వాడుతున్నాం, ఏం కాలేదు" అంటారు మా పై వాటా ఆవిడ. ఏం కాలేదని ఎవరు చెప్పారు? ఆ రుద్దిన మనిషిని అడిగారా? చేతుల చర్మం చూశారా? ఇంకొకావిడ, "గ్లవ్స్ ఇస్తే పారేస్తారమ్మా" అంటుంది. మనం ఇచ్చింది చిరిగిపోయిన జత అయితే పారెయ్యరా మరి?

బండి అతన్నీ వదలను. యాసిడ్ దాడుల కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కొనేవాళ్ల పేరు, చిరునామా పుస్తకంలో రాసుకోవాలని, గుర్తింపు కార్డు చూడాలని, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని. నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఎనిమిదేళ్ల మా చిన్నదాన్ని సీసా ఇచ్చి పంపినా పోసిచ్చేవాడు. పంపాను కూడా, ఒకసారి. అదే సీసాని దాహమేసి ఎత్తుకుని ఉంటే? అప్పుడు నేను ఏం చేసేదాన్నో కూడా తెలుసు, చింతపండు రసం తాగించి కక్కించేదాన్ని. అది ఘోరమైన తప్పట. లోపలికి వెళ్తూ కాల్చిన యాసిడ్ బయటికొస్తూ గొంతుని రెండోసారి కాలుస్తుంది. కక్కించకుండా, సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి. కంట్లో పడితే పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్లు పొయ్యాలి, నిమ్మకాయ, సోడా అంటూ వెతుక్కోకూడదు. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు ముందు విప్పెయ్యాలి, సిగ్గు తర్వాత. గ్యాస్ అయితే మనిషిని బయటి గాలిలోకి తెచ్చి కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి, సీసా మూత పెట్టడానికని మళ్లీ లోపలికి పోకూడదు. తేరుకున్నట్టు కనిపించినా వదిలెయ్యకూడదు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

ఇవన్నీ మా వారు చెప్తుంటే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బాత్రూం తలుపుకి అంటించాను. మిగిలిన యాసిడ్ పారబొయ్యమని ఆయన చేతే చేయించాను, ఆయనకి తెలుసు కాబట్టి. ఇప్పుడు ఆ మరకల మీద వెనిగర్ పోసి నానబెట్టి రుద్దుతున్నాం, ఆదివారం నా వంతు. మరకలు మునుపటంత తెల్లగా పోవడం లేదు.

నాలుగు రోజుల తర్వాత పనమ్మాయి వచ్చింది. తనకి చదువు రాదు, అందుకని కాగితం నేనే చదివి వినిపించాను. మొత్తం విని, "సార్‌కి ఇయ్యన్నీ ముందే తెలుసామ్మా?" అని అడిగింది.