కొట్టువాడి వెండి బిళ్ళ

చిల్లరకు బదులు పిప్పరమెంటు చేతిలో పెట్టే కొట్టువాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఇంగ్లండులోని బ్రిస్టల్, బాత్, షెఫీల్డు వర్తకులు గుర్తుకు వస్తారు. 1811, 1812 సంవత్సరాల్లో వాళ్ళు ఏకంగా వెండి బిళ్ళలే అచ్చు వేయించి చిల్లరగా చెలామణీ చేశారు!

రాజుగారి టంకసాల వుండగా ఈ అవస్థ ఎందుకంటారా? సుమారు 373 గ్రాముల నాణెపు వెండికి 62 షిల్లింగులు వేయాలని అక్కడి పాత లెక్క. నెపోలియనుతో యుద్ధాల రోజుల్లో బజారులో వెండి ధర అంతకు మించిపోయింది. ఇక టంకసాలకు వెండి తెచ్చేదెవరు? 1787 తరువాత షిల్లింగులు వేయడం దాదాపు ఆగిపోయింది. బరువున్న నాణాలు మూసలోకి పోయాయి. అరిగి బొమ్మ చెరిగినవే జనం చేతుల్లో మిగిలాయి. కూలి చెల్లించవలసిన యజమాని దగ్గర పౌను నోటు వుంటుంది గాని, అందులో ఇరవయ్యో వంతయిన షిల్లింగు వుండదు.

ఆ అవసరానికి పుట్టినవే ఈ బిళ్ళలు. షిల్లింగువీ, ఆరు పెన్నీలవీ ఎక్కువ. చాలావాటిలో వెండి ముఖవిలువకు తక్కువే; ఆ తేడా వేయించినవాడి లాభం. దాన్ని నేను మరీ తప్పు పట్టను. ఊరికి చిల్లర దొరికింది గదా! నాకు గుచ్చుకొనేది వాటి మీద చెక్కిన మాట. 1811లో బాత్‌లో విచ్చర్చ్, డోర్ అనే వర్తకులు వేయించిన నాలుగు షిల్లింగుల బిళ్ళలు అయిదు తెస్తే ఒక పౌను నోటు ఇస్తారట. కొందరి షిల్లింగు బిళ్ళలైతే 20 తేవాలి. వారమంతా పాటుపడినా 20 షిల్లింగులు కళ్ళజూడని పొలం కూలీ అన్ని బిళ్ళలు ఎప్పుడు కూడబెట్టేను? కూడబెట్టినా చేతికి వచ్చేది కాగితమే. ఆ నోటుకు బంగారం ఇవ్వడం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు 1797లోనే మానేసింది!

1812లో పార్లమెంటు ఈ బిళ్ళలను నిషేధిస్తూ చట్టం చేసింది. మళ్ళీ తానే గడువు పొడిగించింది. చివరకు 1817 ఫిబ్రవరిలో కొత్త వెండి నాణాలు వచ్చాయి. అంతే వెండికి ఈసారి 66 షిల్లింగులు. అంటే రాజుగారూ కాస్త తగ్గించారన్నమాట! అరిగిన పాత రాజనాణాలను ముఖవిలువకే మార్చి ఇచ్చారు. వర్తకుల బిళ్ళలకు ఆ మర్యాద లేదు. పేరున్న బిళ్ళయితే ఆ కొట్టుకు వెళ్ళి అడగవచ్చు. కొన్నింటి మీద ఇచ్చినవాడి పేరే లేదు. అవి పట్టుకొన్నవాడు వెండి తూకం వేసే కంసాలి దగ్గరకు పోవలసిందే.