కుక్కల డాక్టరు అవుతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. కుక్కల డాక్టరు అవుతానంటాడు. వీధి కుక్కపిల్లకు కట్టు కడుతుంటే కరిచింది, రక్తం వచ్చింది. కారం అద్దాను. చాలదా?
– ఒక తల్లి, చోడవరం

జవాబు: చాలదమ్మా. మీకు వెంటనే విడిగా జవాబు పంపాను. ఇది తక్కినవారి కోసం. కారం, సున్నం పుండును రేపుతాయి, అంతే. సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల కాలం పోయింది, ఇప్పుడు చేతికే. రక్తం వస్తే గాయం చుట్టూ సీరం కూడా వేయాలి. రేబిస్ బయటపడితే ఇక బ్రతకడం లేనట్టే.

చదువంటారా, తిరుపతి, గన్నవరంలలో కాలేజీలున్నాయి. ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్ళు. ఆవూ, గేదే, కోడీ అన్నీ చదవాలి, కుక్క ఒక్కటే కాదు. ఆ వృత్తిలోవారు కరవకముందే మూడు ఇంజక్షన్లు వేయించుకుంటారు. కరిస్తే మళ్ళీ రెండు. మీవాడు మాత్రం ఇప్పటి ఇంజక్షన్లు మధ్యలో మానకుండా చూడండి.