ఆత్మపరీక్ష: ప్రార్థనలో దాగిన గర్వము



క్రైస్తవుల ఆత్మీయ జీవనమును చెఱచునవి యేవి యని యెవరైన నడిగినచో, మనము వెంటనే త్రాగుడనియు, జూదమనియు, అబద్ధమనియు చెప్పుదుము. అవి కీడులే, సందేహము లేదు. కాని మనలో ననేకులకు వానితో ప్రసక్తియే యుండదు. ఆదివారము తప్పక దేవాలయమునకు పోవుదుము. పిల్లలకు వాక్యములు కంఠస్థము చేయింతుము. అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము దేవునికై వేఱుగా తీసియుంచుదుము. ఇన్ని చేయుచున్నను, లోపల భక్తి సన్నగిల్లుచున్నదని ఒక్కొక్కప్పుడు మనకే తోచును. మా యడవి ప్రాంతమున ఇంటి దూలములకు చెద పట్టును. పైకి దూలము నున్నగానే కనబడును. ఒకనాడు వ్రేలితో నొత్తినచో వ్రేలు లోనికి పోవును. ఆత్మకు పట్టెడి చెద యెట్టిదో ఈ మాసము విచారింతము.

ఇట్టి చెదలు పెక్కులు గలవు. మా తాతలనాటినుండియు మేము క్రైస్తవులమని క్రొత్తవారియెదుట చెప్పుకొనుట యొకటి. ప్రసంగము విని గడప దాటకమునుపే ప్రక్కవారి చీరయు, వారి కోడలి నడతయు ముచ్చటించుట యొకటి. కానుకయిచ్చి పేరు చదివింపలేదని అలుగుట యొకటి. ఉదయమున చరవాణిలో వచ్చిన వాక్యమును తాము చదువకయే పదిమందికి పంపి, నాటి ధ్యానము ముగిసినదని తలచుట మఱియొకటి. వీనినెల్ల మీరెఱుగుదురు, విస్తరింపబనిలేదు. వీనియన్నిటికంటె లోతుగా దాగునది, భక్తి వేషముననే యుండునది యొకటి కలదు. అది ప్రార్థన చక్కగా చేయుదుమను గర్వము. దీనిని ఇతరులయందు చూచి వ్రాయుటలేదు.

మేము బాల్యమున బడికి పోలేదు. ఇంటనే మా తండ్రిగారియొద్ద భారత భాగవతములు చదివి, కొంత ఛందస్సును, అలంకార శాస్త్రమును నేర్చితిమి. అందుచేత మా ప్రార్థనలు వినసొంపుగా నుండునని సంఘములో నలుగురు చెప్పుచుండెడివారు. ఆ మాట మాకు తీపిగా నుండెడిది. క్రమముగా మేము దేవునికి కాక, ఆ నలుగురికి వినబడునట్లు మాటలు కూర్చుట మొదలిడితిమి. ఈ మార్పు ఏ దినమున కలిగినదో మేమెఱుగము.

2021వ సంవత్సరాంతమున, క్రిస్మసునకు కొన్నాళ్లముందు, మా స్త్రీల మైత్రి కూటమునకు ఒక కోయ సోదరి వచ్చెను. క్రొత్తగా బాప్తిస్మము పొందినది. చంకలో బిడ్డతో గూడెమునుండి నడచివచ్చినది. ప్రార్థనకు వంతు రాగా లేచి, సగము కోయ, సగము తెలుగు కలిపి, పొరుగింటివారితో మాటలాడినట్లు దేవునితో మాటలాడెను. మేక ఈనినదనియు, మామకు చలిజ్వరము తగ్గలేదనియు, చేనిలో జొన్నను పిట్టలు తినుచున్నవనియు చెప్పి, “నీకు తెలుసు గదా, చూసుకో” అని కూర్చుండెను. కర్తకు క్రియకు పొందిక లేదు. ఆమేన్ అనుటయు మఱచెను. మేము చిఱునవ్వు నవ్వి ప్రక్కనున్న సోదరివంక చూచితిమి, ఆమెయు నవ్వెను. కన్నులు మూసికొనవలసిన వేళ మా కన్నులు తెఱచియున్నవి. కూటము ముగిసిన పిమ్మట, మేలు చేయుచున్నామనుకొని, మొదట స్తోత్రము, పిదప పాపముల ఒప్పుకోలు, ఆ తరువాతనే మనవి యని ఆమెకు పాఠము చెప్పితిమి. “సరే అమ్మగారూ” అని తల యూచి వెళ్లెను.

అటుపిమ్మట ఆమె కూటములకు వచ్చుచునే యుండెను. వంతు వచ్చినప్పుడు మాత్రము తల యడ్డముగా త్రిప్పి ప్రక్కవారికి విడుచుచుండెడిది. సిగ్గరి కాబోలు ననుకొంటిమి.

2022 జులైలో గోదావరి పొంగెను. భద్రాచలమువద్ద నీరు 53 అడుగులకు చేరినప్పుడే మూడవ ప్రమాద హెచ్చరిక యిత్తురు. ఆ నెల 16వ తేదీన అది 71 అడుగులు దాటెను. 1986లో 75 అడుగులు మించిన వరద తరువాత అంతటి నీరు రాలేదు. పల్లపు గూడెములవారిని మెఱకనున్న బడులకు చేర్చిరి. మావారు పనిచేయు పాఠశాలలో గదులన్నియు నిండినవి. ఆ సోదరియు బిడ్డను, మేకను వెంటబెట్టుకొని వచ్చెను. ఒక సాయంకాలము మావారు మిగిలినవారిని తెచ్చుటకు పడవలో వెళ్లి, చీకటి పడినను తిరిగి రాలేదు. కరెంటు లేదు. వాన విడువలేదు. మేము మోకరించి ప్రార్థింపబోతిమి. మాటలు ఎప్పటివలెనే వరుసగా వచ్చినవి. కాని అవి యెవరికో వినిపించుటకు అల్లిన మాటలని మా చెవికే తోచెను. ఒక్క మాటయు గొంతు దాటి లోనికి దిగలేదు. ప్రక్కనే ఆ సోదరి కూర్చుండియుండెను. “చెల్లీ, నీవు ప్రార్థింపుము” అంటిమి.

ఆమె, “నాకు సరిగ్గా రాదు గదా అమ్మగారూ. మీరే చెప్పారు గదా. మీరే చేయండి” అనెను.

ఆ మాటలో నిష్ఠూరము లేదు. నిజముగా నమ్మి చెప్పినది. అందుచేతనే అది మమ్ము కోసెను. ఒక్క చిఱునవ్వుతో, ఒక్క పాఠముతో ఏడు మాసములు ఒక బిడ్డ తండ్రితో మాటలాడకుండ మేము అడ్డుపడితిమి. శబరి కథ చదివినప్పుడెల్ల కన్నీరు పెట్టుకొనెడి మేము, మా యెదుట నిలిచిన భక్తురాలిని గుర్తింపలేకపోతిమి. లూకా సువార్తలో దేవాలయమునకు ప్రార్థింపవచ్చిన యిద్దరి కథ మీరెఱిగినదే. సుంకరి పేరెత్తి పరిసయ్యుని నిందించుచు ఎన్ని కూటములలో మాటలాడితిమో! ఆ పరిసయ్యుడు దేవాలయములో తన ప్రక్కవానివంక చూచెను, మేమును చూచితిమి.

మేము ఆమెను క్షమింపుమని వేడుకొంటిమి. ఆమె కొంతతడవు ఊరకుండి, మా చేయి పట్టుకొని, కోయభాషలోనే ఏమో చెప్పెను. అందు పడవ యను మాట యొక్కటే మాకు తెలిసినది. మావారు తెల్లవారుజామున తిరిగివచ్చిరి. ప్రార్థన ఫలించెనని చాటుటకు ఇది వ్రాయుటలేదు. అదే వరదలో ఆమె చేను ఇసుక మేటవేసినది. ఆమెయు ప్రార్థించియే యుండును గదా. మాకు ఆ రాత్రి తెలిసినది వేఱు: మాటలు మా యొద్ద నున్నవి, మాటలాడుట ఆమెయొద్ద నున్నది.

మన ప్రాంతపు సంఘ చరిత్రము తెలిసినచో ఈ గర్వమునకు చోటుండరాదు. దుమ్ముగూడెమున ఈ సేవ 1860 ప్రాంతమున మొదలయ్యెను. గోదావరిని ఓడలకు అనువుగా చేయవచ్చిన ఇంజనీరు హెయిగ్‌గారును, రాజు కులమునుండి క్రైస్తవులైన వేంకటరామరాజుగారును దీనికి మూలపురుషులు. ఎంతో ధనము వ్రయమైన ఆ నదీ నిర్మాణములు 1871లో విడిచిపెట్టబడినవి. కోయలనడుమ నాటిన సువార్త మాత్రము నిలిచెను. తరువాత వచ్చిన జాన్ కెయిన్‌గారు కోయల భాషను, ఆచారములను శ్రద్ధగా పరిశీలించి, 1876 మొదలు వానిగూర్చి పత్రికలలో వ్రాసిరి. నేర్ప వచ్చినవారు ముందుగా నేర్చుకొనిరి. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారు, అక్షరము రాని కూలివారు సైతము బాప్తిస్మము పొందినది మొదలు సాక్షులే యని బోధించిరి. మేమో, కోయల పల్లెల ప్రక్కనే యిన్నియేండ్లు కాపురముండి, వారి భాషలో పట్టుమని పది మాటలు నేర్వలేదు.

కావున సోదరీమణులారా, ఈ మాసము మూడు పనులు చేయుదము. దినమున కొకసారియైన, ఎవరును విననిచోట, అలంకారము లేని మాటలతో, ఇంట నున్న కొఱతలను వాని పేరులతోనే దేవునికి చెప్పుదము. ఇతరులు ప్రార్థించునపుడు వారి మాటలను తూచక, వారి అక్కఱను మనదిగా భావింతము. మన నవ్వుచేతగాని, దిద్దుబాటుచేతగాని నోరు మూసికొన్నవారెవరైన మన సంఘమున నున్నారేమో తలచి చూచి, ప్రభురాత్రి భోజనపు ఆదివారము వచ్చువఱకు ఆగక, వారి యింటికే పోయి మాటలాడుదము. ఈ మూడవది కష్టము. మొదటి రెండును దీనికొఱకే.

ఇప్పుడు మా కూటములలో ఆ సోదరి తన వంతు విడువదు. మేకలగూర్చియు, జ్వరములగూర్చియు చెప్పుచునే యుండును. ఆమేన్ అనుట నేటికిని మఱచును. ఆ మాట మేము చెప్పుచున్నాము.