అవుపడితే చాలా?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారాక ఉద్దానంలోని మా తోటలో చిన్నాన్న ఫోన్‌తో నలభై సెకన్ల వీడియో తీశాడు. నేలకూలిన కొబ్బరిచెట్లు, వేళ్ళతో సహా లేచిపోయిన జీడిమామిడి, ఇంకా ఆగని వాన, అరుగు మీద మామ్మ. సిగ్నల్ వచ్చాక కాశీబుగ్గలో ఉన్న మాకు మెసేజింగ్ యాప్‌లో పంపాడు. తర్వాత ఆ ఫోన్ పాడైంది. మరుసటి ఏడు మామ్మ పోయింది. మాకు మిగిలింది యాప్ నలిపి పంపిన ఆ కాపీ ఒక్కటే.

అందులో తోటంతా ఆకుపచ్చ జావ. ఏది మాను, ఏది మట్టి తెలీదు. మామ్మ ముఖం ఉండాల్సిన చోట నాలుగైదు గోధుమరంగు గళ్ళు. "అవుపడతంది గదేటి, ఇంకేటి కావాల?" అంటాడు చిన్నాన్న. నా పేచీ చిన్నాన్నతో కాదు, ఆ మాటతో.

కంప్రెషన్ అంటే మడతపెట్టడం అనుకుంటాం. కాదు, పారేయడం. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత బాగా రంగులో తేడాని పట్టదు. అందుకే మామూలు వీడియోల్లోనే నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు విలువ రాస్తారు. అక్కడిదాకా పర్లేదు. ఫైల్‌ని ఇంకా కుదించాలంటే సన్నటి తేడాలు చెరిపేయాలి. నీడలో ఉన్న నల్లటి ముఖంలో ఉండేవన్నీ సన్నటి తేడాలే. ముందు పోయేవి అవే.

ఇంకో కిటుకుంది. ప్రతి ఫ్రేమునీ కొత్తగా గీయకుండా "పాత ముక్కే ఇటు జరిగింది" అని రాసుకోవడం. గోడ ముందు కూర్చున్న న్యూస్ రీడర్‌కి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొబ్బరిమట్టలు, వాన, కెరటాలు దేని దారిన అవి కదులుతాయి. రాసుకోవాల్సింది పెరుగుతుంది, ఇచ్చిన బిట్లు చాలవు, బొమ్మ గళ్ళుగా పగులుతుంది. అంటే ఈ లెక్కకి ఏసీ స్టూడియో సులువు, ఉద్దానం కష్టం. దీన్ని ఉత్త టెక్నికల్ విషయం అని నేను ఒప్పుకోను.

సినిమాల సంగతీ అంతే. రెండున్నర గంటల సినిమా 720పీలో, సెకనుకి 25 ఫ్రేములతో, ఏమీ కుదించకపోతే దాదాపు 620 జీబీ. దాన్నే 300 ఎంబీ చేసి "హెచ్‌డీ" అని పేరు పెడతారు. శబ్దంతో కలిపి సెకనుకి 270 కిలోబిట్లు కూడా రావు. పాత వీసీడీలో బొమ్మకే 1150 ఉండేవి. కొత్త కోడెక్‌లు తెలివైనవే, నిజం. కానీ పావు వంతు కూలిచ్చి తొమ్మిది రెట్లు పిక్సెళ్ళు మొయ్యమంటే ఏ తెలివైనా ఎంతకని మోస్తుంది?

డేటా ఖరీదైన రోజుల్లో మెమరీ కార్డు లోడింగ్ లేకపోతే మా వీధిలో చాలామంది సినిమాలే చూసుండరు. నేనూ అలా చూసినవాణ్ణే. చిన్న ఫైలు పేదవాడి అవసరం, దాన్ని వెక్కిరించను. కాపీయే అసలైపోయి, అసలుని ఎవరూ దాచని చోటే నా గొడవ.

వ్యాసాలు రాసే మనమేం తక్కువ తిన్నాం? 1957 నాటి 'మాయాబజార్'ని ఫోన్‌లో 360పీలో చూసి మార్కస్ బార్‌ట్లే వెన్నెల గురించి పేజీలు రాస్తాం. ఆ కాపీలో వెన్నెల మెట్లు మెట్లుగా విరిగిపోయి ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ పీకేసిన నవల చదివి రచయిత శైలి మీద సమీక్ష రాస్తామా? అర్థమవుతుంది గదేటి అని ఊరుకుంటామా? కనీసం ఏ ప్రింట్ చూశామో చెప్పాలి కదా.

"ఇప్పుడు ఏఐతో బాగుచేయొచ్చుగా" అంటారు. అది పోయినదాన్ని తేలేదు, ఊహించి అతుకుతుంది. ఎవరో ముసలావిడ ముఖం స్పష్టంగా వస్తుంది. నాకు కావాల్సింది మా మామ్మ.

కాబట్టి ముఖ్యమైన వీడియోని డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైల్‌ని రెండు చోట్ల దాచండి. డిజిటల్ చేయించాం కదా అని పెళ్ళి క్యాసెట్లు పారేయకండి.

మొన్న సంక్రాంతికి చిన్నాన్న కొత్త కొబ్బరిమొక్కల్ని వీడియో తీశాడు. యాప్‌లో పంపబోతుంటే ఫోన్ లాక్కుని ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టాను.

"అవుపడతంది గదేటి" అన్నాడు మళ్ళీ.