వ్యక్తిగత కారణాల వల్ల...

ఉద్యోగం మానేసే ఆడవాళ్ల రాజీనామా పత్రాలు చాలా చదివాను. పరిశోధనలో భాగంగా కొన్ని, స్నేహితురాళ్లకు రాసిపెడుతూ కొన్ని. దాదాపు అన్నింటిలోనూ ఒకే వాక్యం ఉంటుంది: ‘వ్యక్తిగత కారణాల వల్ల కొనసాగలేకపోతున్నాను.’ జీతం చాలకపోయినా, ప్రసూతి సెలవు అడిగితే సంస్థ మొహం చిట్లించినా, పై అధికారి ప్రవర్తన బాగా లేకపోయినా, కారణం మాత్రం వ్యక్తిగతమే. వ్యక్తిగతమైనదంతా రాజకీయమేనని ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మనం కూడా మన రాజీనామాల్లో ఈ వాక్యమే రాస్తున్నాం. ఎందుకని?

‘మంచిగా వెళ్లిపోవాలి’ అని మనకు నేర్పారు కనుక. ఇది ఆఫీసులో నేర్చుకున్న మర్యాద కాదు, చిన్నప్పటి నుంచి ఇంట్లో నూరిపోసిందే. గుమ్మం దాటేటప్పుడు గొడవ చెయ్యకు, లోపలి మాట బయటపెట్టకు, నలుగురిలో పేరు పోగొట్టుకోకు. మగవాడు మానేస్తే మంచి అవకాశం వచ్చి ఉంటుందనుకుంటారు. ఆడమనిషి మానేస్తే ఇంట్లో ఏదో ఇబ్బంది అనుకుంటారు. ఆ ఒక్క వాక్యం రాసి ఈ ఊహ కింద మనమే సంతకం పెడుతున్నాం.

స్త్రీల సంస్థల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ‘ఇది ఉద్యోగం కాదు, ఉద్యమం’, ‘మనమంతా ఒక కుటుంబం’ అంటాం. కుటుంబంలోని అధికార సంబంధాలను ఊరూరా విప్పిచెప్పే మనమే ఈ మాట అంటాం. కుటుంబం అన్నాక జీతం గురించి అడిగితే స్వార్థం అవుతుంది, వెళ్లిపోతే ద్రోహం అవుతుంది.

సుమారు పన్నెండేళ్ల క్రితం నేనూ ఒక సంస్థ నుంచి ఇలాగే బయటికి వచ్చాను. ఆరేళ్లు పనిచేశాను. ప్రాజెక్టు నిధులు ఆగిపోగానే బస్తీల్లో పనిచేసే కార్యకర్తలను ముందుగా చెప్పకుండా తీసేశారు. ఆఫీసులో కూర్చునే మా జీతాలకు మాత్రం ఏ లోటూ రాలేదు. అది నాకు మింగుడుపడలేదు. కానీ సమావేశంలో నోరు విప్పలేదు. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసిచ్చి, వారం తిరక్కుండా మానేశాను. శాలువా కప్పారు, ఫోటో దిగాం. అందరూ చాలా బాగా వెళ్లిపోయిందన్నారు.

నెల తర్వాత ఒకామె అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. ఆమె మనోవర్తి కేసు నేనే చూసేదాన్ని. వాయిదా తేదీ నా డైరీలో తప్ప ఇంకెక్కడా లేదు. ‘అక్కా, నువ్వు పని ఇడిచిపెట్టినవని నాకెవ్వరు చెప్పలే. కోర్టు కాడ పొద్దంత నీకోసం చూసిన’ అంది. కోపంగా కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

నా గొడవ సంస్థతో. దాని ఫలితం అనుభవించింది ఆమె. అప్పుడు అర్థమైంది, నేను మంచిగా వెళ్లలేదని, మౌనంగా వెళ్లానని. ఈ రెండూ ఒకటి కాదు. మంచిగా వెళ్లడమంటే ఎవరి పట్ల మంచిగా అన్న ప్రశ్న మొదట వేసుకోవాలి.

నా దృష్టిలో మొదటి బాధ్యత మనల్ని నమ్మిన స్త్రీల పట్ల. వాళ్లకు మన నోటితోనే చెప్పాలి. మన స్థానంలోకి వచ్చే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చెయ్యాలి. ఎక్కడ ఏ కేసు ఏ దశలో ఉందో, వాయిదా ఎప్పుడో, ఎవరి ఫోను నెంబరుకు భర్త దగ్గర ఉండగా చెయ్యకూడదో రాసిపెట్టాలి. తన కథ కొత్తవాళ్లకు చెప్పడానికి ఆమెకు ఇష్టమో కాదో అడగాలి. ఫైళ్లు సంస్థలోనే ఉండాలి. మన ఫోనులో మిగిలిపోయిన వాళ్ల ఫోటోలు, వాంగ్మూలాలు మనవి కావు. పరిశోధకులమైన మాకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

రెండో బాధ్యత వెనక మిగిలే సహచరుల పట్ల. ఒప్పందంలో ఉన్న గడువు ఇచ్చి వెళ్లాలి. రాజీనామా పత్రం క్లుప్తంగా ఉండొచ్చు, అందులో అబద్ధం మాత్రం ఉండకూడదు. విమర్శ ఉంటే కార్యవర్గానికి వేరే ఉత్తరంగా, మనుషుల మీద కాక పద్ధతుల మీద రాయాలి. టీకొట్టు దగ్గర చెప్పుకునే పది మాటల కంటే ఆ ఒక్క ఉత్తరం విలువైనది.

లైంగిక వేధింపు వల్ల వెళ్లిపోతున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రాజీనామాతో ఫిర్యాదు హక్కు పోదు. 2013 చట్టం బాధితురాలు ప్రస్తుతం ఉద్యోగంలో ఉందా లేదా అని చూడదు. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ చట్టానికి ముందు 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దానికి దారితీసిన భన్వరీ దేవి రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామస్థాయి కార్యకర్తేనని మరవకూడదు.

ఇక సంస్థల వైపు చూద్దాం. నేను మానేసినప్పుడు నా నెల జీతం 13 వేలు. 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల జీతం రావాలి. నెలను 26 రోజులుగా లెక్కిస్తే ఏడాదికి 7,500, ఆరేళ్లకు 45 వేలు. వాళ్లు ఇవ్వలేదు. అడగడానికి నాకే సిగ్గేసింది. చేసిన పనికి చట్టం ఇచ్చిన డబ్బు అడగడానికి డాక్టరేటు ఉన్న మనిషికే సిగ్గేస్తే, బస్తీ కార్యకర్త ఏం అడుగుతుంది?

ఆమె అడిగినా ‘నీది జీతం కాదు, గౌరవ వేతనం’ అంటారు. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీల్లోని స్త్రీలకూ దశాబ్దాల పాటు ఇదే జవాబు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అయినా 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల కోర్కెల్లో గ్రాట్యుటీ కూడా ఉంది. తీర్పు చేతికి వచ్చినా డబ్బు చేతికి రావడానికి మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. కార్మిక కోడ్‌ల మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు చాలా ఉన్నాయి, నాకూ ఉన్నాయి. అయితే నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు అందులో ఉంది. మన సంస్థల్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు పనిచేసి వెళ్లిపోయే స్త్రీలు ఎందరో. నిధులకు దరఖాస్తు చేసేటప్పుడే ఈ ఖర్చు బడ్జెట్‌లో చూపించాలి. ‘మా దగ్గర డబ్బు లేదు’ అని చివర్లో చెప్పడం, మొదట్లో అడగకపోవడం వల్లనే.

డబ్బు కాక ఒక కాగితం కూడా ఉంది. క్షేత్రస్థాయి కార్యకర్తకు అనుభవ ధ్రువపత్రం చాలా పెద్ద విషయం. పదో తరగతి దాటని మనిషి పదేళ్లు పంచాయితీలు తీర్చి, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగి నేర్చుకున్న విద్యకు వేరే సాక్ష్యం లేదు. అది ఆమె అడుక్కునే అవసరం రాకూడదు, చివరి రోజున చేతిలో పెట్టాలి. ఆమె చేరబోయే చోటికి ఫోను చేసి ‘కాస్త గొడవ మనిషి’ అని చెప్పే అలవాటు కూడా మానుకోవాలి. గొడవ చెయ్యమని ఆమెకు నేర్పింది మనమే.

శాలువాలు వద్దనను. కానీ శాలువాకు ముందు లెక్క చెల్లాలి, మాట వినాలి. వెళ్లేవాళ్లు పని అప్పజెప్పాలి, నిజం చెప్పాలి. ఈ నాలుగూ జరిగిన చోట ఎవరూ ద్రోహి కారు. ఏడాది తర్వాత ఏదో ధర్నాలో ఎదురుపడితే మొహం తిప్పుకోవాల్సిన పని ఉండదు.

మీ సంస్థలో చివరిగా మానేసిన స్త్రీ ఏం కారణం రాసిందో ఒకసారి ఫైలు తీసి చూడండి. ‘వ్యక్తిగతం’ అని ఉంటే, ఆమెను పిలిచి అడగండి. ఈ పత్రికలోనే దీని మీద చర్చ మొదలవ్వాలని నా కోరిక.